సన్యాసి పీతకో ఇల్లు

నేను ఒక గుల్లను. సముద్రపు నత్తగుల్లను. అందులోనూ ఖాళీ గుల్లను. ఈ ఖాళీ అన్న మాట చెప్పుకోవడం నాకేం సరదా కాదు. మావాడి నిర్వాకం వల్ల చెప్పుకోవలసి వచ్చింది. మావాడంటే నాలో కాపురమున్న సన్యాసి పీత. అలలనక, ఆటుపోట్లనక వాణ్ణి అన్నాళ్లు కడుపులో పెట్టుకుని చూసుకున్నానా, ఒక రోజు పక్కన నాకంటే రవ్వంత పెద్ద గుల్ల కనిపించగానే గబుక్కున అందులోకి దూరిపోయాడు. వెళ్లొస్తానన్న మాట లేదు. వెనక్కి తిరిగి చూసింది లేదు. పైగా తిని పారేసిన చెత్తంతా నాలోనే వదిలేశాడు. మనుషుల్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసేటప్పుడు చీపురు పెట్టి ఊడ్చిపోతారట. మావాడికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

పేరు చూస్తే సన్యాసి. ఇల్లు కనిపిస్తే మాత్రం కాలు నిలవదు. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో వాణ్ణి బాగా దూరం నుంచి చూసి ఉంటాడు.

సరే, మొదటి నుంచీ చెబుతాను. నన్ను కట్టింది ఒక నత్త. కట్టడమంటే మీలా ఇసుకా సిమెంటూ తెప్పించి, మేస్త్రీతో గొడవపడి కాదు. తన ఒంట్లోంచే సున్నం తీసి, తన చుట్టూ తానే, చుట్టు మీద చుట్టు వేసుకుంటూ కట్టుకుంది. తాను పెరిగిన కొద్దీ గది పెంచింది. లోపల ముత్యంలా మెరిసే గోడలు, బయట ఆకుపచ్చ మీద గోధుమరంగు చారలు. ఆవిడను అమ్మ అనాలో, మేస్త్రి అనాలో, ఇంటిగలావిడ అనాలో నాకిప్పటికీ తేలలేదు. అమ్మ అనే అనుకుంటాను. రామేశ్వరం దగ్గర సముద్రపు రాళ్ల మీద పాచి గీక్కుని తింటూ, ఎవరి జోలికీ పోకుండా బతికింది. గరగరమని రాతిని గీకే ఆవిడ నాలిక చప్పుడు వింటూ నేను పెరిగాను. ఆవిడ వయసు మీరి కన్నుమూసిన తరవాతే మావాడు చేరాడు. వాడు తలుపు దగ్గర గోళ్లతో గీకి గీకి నా అంచు ఒకచోట చితక్కొట్టాడు. అది కూడా వాడి లెక్కలో రాసుకోండి.

వాడు పోయాక ఒడ్డుకు కొట్టుకొచ్చాను. గుల్లలు ఏరుకునే ఒకామె నన్ను బుట్టలో వేసుకుని, ఉడకబెట్టి, ఎండబెట్టి, చేతిలో తిప్పి చూసి "అంచు పోయింది" అని పక్కకు విసిరింది. నా తోటివాళ్లు నిండు అంచులున్న అందగాళ్లు. వాళ్లకు నడుముకు బెజ్జాలు వేసి, దారానికి గుచ్చి, గుమ్మాలకు వేలాడదీసే తెరలు చేశారు. పగిలిన మూతి నా ప్రాణం నిలబెట్టింది. అందం లేకపోవడంలోనూ కొన్ని సౌకర్యాలుంటాయి.

అలా విరిగినవాటి, వంకరవాటి గోనెసంచీలో పడి హైదరాబాదు చేరాను. సముద్రం ఆనవాలైనా లేని ఊరు. అక్కడ యాదగిరి అనే ఆయన చేపల దుకాణంలో, కౌంటరు పక్క ప్లాస్టిక్ బుట్టలో కూర్చోబెట్టారు. చుట్టూ గాజు తొట్టెలు. వాటిలో ప్యాకెట్లలో కొన్న ఉప్పు బకెట్లలో కలిపి చేసిన సముద్రం. నిజం చెప్పొద్దూ, రుచి బాగానే కుదిరింది.

దసరాకు కొద్ది రోజుల ముందు ఆ దుకాణానికి ఒక జంట వచ్చింది. ఇక మీదట నా కథంతా వీళ్లతోనే కాబట్టి కాస్త పరిచయం చేస్తాను.

ఆయన చక్రధరం. ఒక సిమెంటు కంపెనీలో ఆడిటరు. రోజంతా ఇతరుల తప్పులు వెతికి ఎర్ర సిరాతో సున్నా చుట్టడం ఆయన ఉద్యోగం. ఆ పని ఒత్తిడిలో తనవి వెతుక్కునే తీరిక ఆయనకు ఎన్నడూ చిక్కలేదు. ఏడాదికో ముచ్చట పడటం, దానికి కావలసినవన్నీ కొనడం, మూడు నెలలకు దాన్ని అటక ఎక్కించడం ఆయనకు అలవాటు. ఒక ఏడు ఫ్లూటు, ఒక ఏడు ఇటలీ వంట. ఈ ఏడు హాల్లో పగడాల తొట్టె. ఉప్పునీళ్లు, బతికున్న పగడాలు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు.

ఆవిడ హైమవతి. జువాలజీలో బీయెస్సీ. పెళ్లయ్యాక ఆ చదువు బొద్దింకల మీద తప్ప ఎక్కడా అక్కరకు రాలేదని ఆవిడే అంటుంది. ఆయన ముచ్చట తీరేసరికి ఆ తొట్టె ఆవిడ చేతికొచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చోవడం, పగడాలు వేళ్లు విప్పుకోవడం చూడటం ఆవిడకు అలవాటైపోయింది. ఆవిడను ఏమీ అడగకుండా, కూరలో ఏం వెయ్యాలో చెప్పకుండా ఆ ఇంట్లో బతుకుతున్నవి అవే.

ఇప్పుడా తొట్టెకు పాచి పట్టింది. గాజు పచ్చబడింది, ఇసుక మీద గోధుమరంగు తెట్టు కట్టింది. దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. పేరంటానికి వీధిలోవాళ్లంతా వస్తారు. హాల్లో ఈ మురికి తొట్టె చూస్తే పరువు పోతుందని చక్రధరం తీర్పు చెప్పేశాడు: పండగ అయ్యేలోగా గాజు శుభ్రపడాలి. లేకపోతే తొట్టె ఆఫీసులో కాంతారావుకు ఇచ్చేస్తాడు. ఆ కాంతారావు పగడాలు తీసి పారేసి, అందులో మంచినీళ్లు పోసి, గప్పీ చేపలు పెంచుకుంటాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ హైమవతికి అన్నం సహించలేదు. పాచి తినే జీవాలను తెద్దామని ఆవిడే ఆయన్ను బయల్దేరదీసింది.

"పీతలే తీసుకుందాం హైమా," అన్నాడు చక్రధరం తొట్టెలోకి వంగి. "చూడు, ఎలా పరిగెడుతున్నాయో. పనిమంతులంటే ఇలా ఉండాలి."

"పరిగెట్టేది పనికో, పక్కింటికో చూడాలి గదండీ. పీతలు గాజు ఎక్కలేవు. గాజు తుడవాలంటే నత్తలుండాలి."

"నత్తా? అది నిద్రపోతోందో పని చేస్తోందో తేల్చడానికి ఓ కమిటీ వెయ్యాలి."

"మీ ఆఫీసులోనూ అంతేగా. అయినా జీతాలిస్తున్నారు."

యాదగిరి నవ్వాపుకున్నాడు. "మేడం చెప్పింది కరెక్టే సార్. గాజుకు నత్తలుండాలె, ఇసుకల దూరేటందుకు గా చిన్న నత్తలుండాలె. రాళ్ల సందులకు పీతలు. గని పీతలు జర తక్కువ తీస్కోండ్రి."

చక్రధరానికి అందులో "పీతలు తీస్కోండ్రి" అన్న ముక్క ఒక్కటే వినిపించింది. దోసెడు పీతలు ఏరించాడు. కాళ్ల రంగు చూసి ఏరాడు. వాటిలో ఎర్రకాళ్ల పీత ఒకటి, అన్నిటికంటే పెద్దది, మిగతావాటిని తోసుకుంటూ ముందుకొస్తుంటే ముచ్చటపడి "దీని పేరు మేనేజర్" అన్నాడు.

హైమవతి మాత్రం నత్తల్ని వంకాయలు ఏరినట్టు ఏరింది. ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూసింది. వేలితో తట్టితే టక్కున లోపలికి ముడుచుకుని తలుపు వేసుకున్నదాన్ని తీసుకుంది, బద్ధకంగా వేలాడినదాన్ని వదిలేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. ఆమె చేతిలో ఉన్న నత్తల్లో రెండు అచ్చం మా అమ్మ తీరు. పచ్చటి ఒళ్లు, గోధుమరంగు చారలు. చాలాకాలానికి నాకు చుట్టాలు కనిపించారు.

ఆవిడ లోపల ఇసుక నత్తలు చూస్తుండగా యాదగిరి మమ్మల్ని, అంటే బుట్టలోని ఖాళీ గుల్లలన్నిటినీ, ఒక కవర్లో పోసి చక్రధరం చేతికిచ్చాడు.

"ఇవి ఊకెనే ఇస్తున్న సార్. వీటిని గూడ ట్యాంకుల ఎయ్యుండ్రి. పీతలు పెరుగుతయి గదా, అప్పుడు..."

అప్పుడే చక్రధరం ఫోను మోగింది. ఆయన "ఆ, కాంతారావ్!" అంటూ కవరు ఊపుకుంటూ బయటికి నడిచాడు. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం పూర్తిగా విని ఉంటే నాకు చెప్పడానికి ఈ కథే ఉండేది కాదు.

ఇంటికి రాగానే హైమవతి కొంగు దోపుకుని కూర్చుంది. కొత్త జీవాలను ఒక్కసారిగా కొత్త నీళ్లలో వెయ్యకూడదట. తొట్టెలోంచి సన్నటి గొట్టం తీసి, దానికో ముడి వేసి, బకెట్లోకి చుక్క చుక్కగా నీళ్లు వదిలింది. సాయంత్రమంతా అక్కడి నుంచి లేవలేదు. "ఇదేంటి, నత్తలకు సెలైనా?" అని చక్రధరం జోకు వేశాడు. ఆవిడ నవ్వలేదు. చుక్కలు లెక్కపెట్టుకుంటోంది.

ఈలోగా ఆయన మా కవరు తెరిచి చూశాడు.

"ఖాళీవి. తినవు, తుడవవు. వీటినేం చేసుకోను?" అని గొణిగి, వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. "అమ్మా, కొలువుకి గుల్లలు కావాలన్నావుగా. ఇవిగో."

ఇక్కడో మాట చెప్పాలి. సన్యాసి పీత వీపున ఉండే గుల్ల దాని సొంతం కాదని, ఎక్కడో దొరికించుకున్నదని ఆయనకు తెలియదు. తాబేలుకు డిప్పలాగా అది పీతతోపాటే పుట్టి, దానితోపాటే పెరుగుతుందని ఆయన నమ్మకం. ఎవర్నీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా.

వాళ్లమ్మ పేరు భ్రమరాంబ. ఆవిడ కొలువంటే వీధిలో పేరు. ఈ ఏడు మెట్ల కింద నేల మీద పాలసముద్రం చిలికే ఘట్టం పెట్టింది. దూది పరిచి పాలసముద్రం చేసింది. ఇత్తడి చెంబు బోర్లించి, ఆకుపచ్చ గుడ్డ కప్పితే మందరపర్వతం. ఊలుతో అల్లిన జడ వాసుకి. అటు ఏటికొప్పాక దేవతలు, ఇటు కొండపల్లి రాక్షసులు. ఒడ్డున మా గుల్లలు. అందరికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆ జనంలో నిజంగా సముద్రం మొహం చూసినవాళ్లం మేమే. ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు.

నా సంగతి ఇంకా విడ్డూరం. అన్నిటిలోకీ పెద్దదాన్నని నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది సముద్రంలోంచి పుట్టిన శంఖం" అంది భ్రమరాంబ. దూది మధ్యలో చిన్న పీట వేసి దాని మీద కూర్చోబెట్టింది. పగిలిన మూతి కనబడకుండా గోడవైపు తిప్పింది. తెరలో వేలాడటానికి కూడా పనికిరానిదాన్ని, ఒక్క పూటలో దేవుడి చేతి శంఖమైపోయాను. మనుషుల దగ్గర పదవులు ఇలాగే వస్తాయి కాబోలు.

ఎదురుగా తొట్టె. అక్కడ జరిగేదంతా నాకు బాగా కనబడేది.

మొదట్లో అంతా పండగే. నత్తలు గాజెక్కి, పచ్చటి పాచి మీద వంకర టింకర దారులు గీశాయి. వాటి నాలిక నడిచిన మేర గాజు కడిగినట్టయ్యేది. హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గరగర నాకు వినిపించేది. శంఖం పదవిలో ఉన్నాను కాబట్టి కంటతడి పెట్టలేదు. హైమవతి కాఫీ గ్లాసుతో వచ్చి, "నడవండి తల్లీ నడవండి, పండగలోగా అయిపోవాలి" అని వాటికి చెప్పేది.

తరవాత ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది.

ఎలాగో నేను చూశాను. గాజు మీంచి జారి వెల్లకిలా పడ్డ నత్త తనంతట తాను తిరగలేక అవస్థ పడుతుంటే మేనేజర్ నిదానంగా వచ్చాడు. తలుపు దగ్గర కూర్చున్నాడు. డెక్క లోపలికి పెట్టాడు. చక్రధరం అటు వెళ్తూ చూసి, "హైమా, చూశావా, మేనేజర్ దానికి సాయం చేస్తున్నాడు" అని సంబరపడ్డాడు. మర్నాటికి మేనేజర్ ఒంటి మీద పచ్చటి గుల్ల, గోధుమరంగు చారలు. చిన్న పీతలు కూడా ఆయన గారిని చూసి నేర్చుకున్నాయి. చిన్న నత్తల వెంట పడ్డాయి.

మరి వాటి తప్పు మాత్రం ఏముంది? తిండి బాగా దొరుకుతోంది, ఒళ్లు పెరుగుతోంది, ఇల్లు బిగుసుకుపోతోంది. ఊరంతా వెతికినా ఖాళీ ఇల్లు లేదు. ఉన్న ఖాళీ ఇళ్లన్నీ హాలు అవతల దూదిలో, బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. నాకింత పెద్ద నోరుందే గానీ ఒక్క మాట పెగలదు.

హైమవతి తొట్టెకు ముక్కు ఆనించి మేనేజర్ని చాలాసేపు చూసింది. లేచి యాదగిరికి ఫోను చేసింది. అటునుంచి ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ఖాళీ గుల్లలు ఇచ్చిన గదా మేడం! ఎయ్యలేదా? ఇల్లు దొరక్కపోతె పీతలు నత్తల్ని సంపుతయి. అయ్యో, నా తాన ఇంక లేవు మేడం. దీపావళి అయినంక సరుకొస్తది."

ఆవిడ ఫోను పెట్టేసి నెమ్మదిగా కొలువు వైపు తిరిగింది. మా అందరినీ చూసింది. నన్ను మరీ మరీ చూసింది.

భోజనాల దగ్గర సంగతి చెబితే చక్రధరం పగలబడి నవ్వాడు.

"పీత హత్యలు చేస్తోందా? భలేదానివే! గుల్ల దాని ఒంటిదే హైమా. పెరిగింది, కొత్తది వచ్చింది. పాము కుబుసం విడిచినట్టు."

"పాముకు కుబుసం కింద పాత పామే ఉంటుందండీ. ఈ గుల్ల మొన్నటిదాకా నా నత్తది. చారలతో సహా."

"అన్ని చారలూ ఒకలాగే ఉంటాయి. నత్తలు చచ్చాయంటే నువ్వు నీళ్లు అలవాటు చెయ్యడంలో ఏదో తేడా చేసుంటావు. మనది మనం ఒప్పుకోవాలి."

సాయంత్రమంతా చుక్కలు లెక్కపెట్టిన మనిషి ఆవిడ. మజ్జిగ వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు చారులో ఉప్పు లేదు. ఏమైందని చక్రధరం అడిగితే, "తొట్టెలో వేశాను, నీళ్లు అలవాటు చెయ్యడం సరిగ్గా రావట్లేదుగా" అంది.

తరవాత అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యగారూ, ఆ గుల్లలు ఓ నాలుగు తీసుకుంటాను. పీతలకు కావాలి."

"కొలువు మీద చెయ్యి వెయ్యకు," అంది భ్రమరాంబ, తమలపాకు ఈనె తీస్తూ. "కూర్చోబెట్టిన బొమ్మను దశమి నాడు పడుకోబెట్టి హారతిచ్చేదాకా కదపకూడదు. ఒక ఏడు మీ మావగారు డోలు వాయించేవాణ్ణి తీసి ఎవరికో చూపించారు. ఆ ఏడే మిక్సీ కాలిపోయింది."

"దశమి మర్నాడు కాంతారావు వచ్చి తొట్టె పట్టుకుపోతాడండీ."

"పోతే పోనీ. ఆ మూల ఖాళీ అయితే వచ్చే ఏడు రెండు మెట్లు పెంచుకోవచ్చు."

ఆ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా హైమవతి వంటింట్లోంచి ఒక ప్యాకెట్టు పట్టుకుని పిల్లిలా వచ్చింది. చక్రధరం ఇటలీ వంట ముచ్చటపడ్డ ఏడాది కొని, ఒక్కసారి ఉడికించి వదిలేసిన పాస్తా. చిన్న చిన్న గుల్లల ఆకారంలో చేసిన పాస్తా! దూది ఒడ్డున ఒక గుల్ల తీసింది, అక్కడో పాస్తా పెట్టింది. దానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎక్కడివాళ్లక్కడే ఉన్నట్టున్నారు. తీసిన గుల్లల్ని పాత టూత్‌బ్రష్షుతో పసుపు పోయేలా తోమి, కడిగి, తొట్టెలో జారవిడిచింది. నా పక్కన ఇటలీ గుల్ల వచ్చి కూర్చుంది. మర్యాదస్తురాలు. ఏమీ మాట్లాడలేదు.

రోజూ కొన్ని చొప్పున మావాళ్లంతా వెళ్లిపోయారు. తొట్టెలో పెద్ద గృహప్రవేశాలే జరిగాయి. చిన్న పీతలు ఒక ఇల్లు చూసి, ఇంకో ఇల్లు చూసి, మళ్లీ మొదటిదే బాగుందని వెనక్కి వచ్చి, మొత్తానికి స్థిరపడ్డాయి. చిన్న నత్తల జోలికి పోవడం మానేశాయి. పేరంటానికి వచ్చిన ఎదురింటి సుగుణమ్మ పాస్తాను చేతిలోకి తీసుకోబోయి, "ఎంత ముద్దుగా ఉన్నాయి పిన్నిగారూ, ఏ బీచిలో దొరికాయి?" అంది. భ్రమరాంబ "సముద్రంలో బోలెడుంటాయి" అంది గర్వంగా. హైమవతి శనగలు పంచుతూ మొహం పక్కకు తిప్పుకుంది.

కానీ మేనేజర్ ఉన్నాడే! వాడు పెద్దవాడు. చిన్న గుల్లలు వాడి కాలికి కూడా చాలవు. నత్త నుంచి తీసుకున్న ఇల్లూ అప్పుడే బిగుసుకుపోయింది. వాడికి సరిపడే ఖాళీ ఇల్లు ఆ ఇంటి మొత్తానికి ఒక్కటే. నేను. నేను సముద్రం నడిమధ్య పీట మీద, పదిమంది దణ్ణం పెట్టుకునే చోట ఉన్నాను. నా చోట పాస్తా పెడితే గుడ్డివాళ్లకైనా తెలిసిపోతుంది.

దశమి నాటికి గాజెక్కే నత్త ఒక్కటే మిగిలింది. పచ్చటి గాజు మీద ఒంటరిగా దారి గీసుకుంటూ పోతోంది. గరగర, గరగర. కింద ఇసుకలో మేనేజర్ అది ఎప్పుడు జారుతుందా అని అదే దిక్కున నడుస్తున్నాడు. అమ్మ చప్పుడు ఇంకాసేపట్లో ఆగిపోతుందని తెలిసి, కదల్లేక, పీట మీద పూజలందుకుంటూ కూర్చోవడం ఎంత నరకమో మీకు చెప్పలేను.

ఆ మధ్యాహ్నం హైమవతి వచ్చింది. చేతిలో చలిమిడి. నైవేద్యానికి చేసినదాంట్లోంచి ముద్ద తీసి, అచ్చం నాలాగే చుట్టలు చుట్టి, మొనదేల్చి, పైన పసుపు పూసింది. నాకంటే అందంగా వచ్చింది. దానికి మూతి కూడా పగల్లేదు. నన్ను తీసి పీట మీద దాన్ని పెట్టి, కొలువుకు ఒక్క దణ్ణం పెట్టి, "మిక్సీ జాగ్రత్త తల్లీ" అని వంటింట్లోకి పరిగెత్తింది. నన్ను తోమింది గానీ అప్పటికే అత్తగారి అలికిడి. అందుకే నా ఒక చుట్టులో పసుపు రవ్వంత మిగిలిపోయింది. ఆవిడ చూసుకోలేదు.

నీళ్లు! ఎన్నాళ్లకు! ప్యాకెట్టు ఉప్పు నీళ్లే. అయినా మునిగానో లేదో ఒళ్లంతా ఇల్లు చేరినట్టయింది.

దీపాలు పెట్టేవేళ పేరంటం అయిపోయింది. చక్రధరం తొట్టె ముందు కుర్చీ వేసుకుని, ఫోను స్పీకర్లో పెట్టి కాంతారావుతో మాట్లాడుతున్నాడు. వాళ్లమ్మ కొలువు దగ్గర హారతి సిద్ధం చేస్తోంది. హైమవతి ఆవిడకు వత్తులు అందిస్తోంది. కళ్లు మాత్రం తొట్టె మీదే.

"రేపు పొద్దున్నే వచ్చెయ్ కాంతారావ్. పగడాలేం చేసుకుంటావో నీ ఇష్టం..."

సరిగ్గా అప్పుడు గాజు మీది నత్త జారింది. నెమ్మదిగా తిరుగుతూ వచ్చి నా పక్కనే ఇసుకలో వెల్లకిలా పడింది. మేనేజర్ వచ్చాడు. ఒక డెక్క దాని వైపు చాచాడు. అంతలో వాడి మీసం నాకు తగిలింది.

ఆగాడు.

నా చుట్టూ ఒకసారి తిరిగాడు. డెక్క లోపల పెట్టి లోతు చూశాడు. దొర్లించి చూశాడు. పగిలిన అంచు తడిమి, ఫరవాలేదనుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. నాకు ఊపిరి లేదనుకోండి, అయినా బిగబట్టాను.

నత్త గీసిన దారి మేర గాజు అద్దంలా ఉంది. ఆ సన్నటి దారిలోంచి చక్రధరం మొహం కనిపిస్తోంది. పరధ్యానంగా చూస్తున్నవాడు కాస్తా ముందుకు వంగాడు. ఆయన చూస్తుండగా మేనేజర్ తన గుల్లలోంచి మొత్తంగా బయటికి వచ్చేశాడు. ఎర్రకాళ్ల వెనక, వంకర తిరిగిన, మెత్తటి, పాలిపోయిన ఒళ్లు. రెప్పపాటు కాలం. అంతే, నాలోకి దూరిపోయాడు.

"అయ్యో! దీనికి బట్టల్లేవు!" అని అరిచాడు చక్రధరం.

"ఎవరికి?" అన్నాడు ఫోన్లో కాంతారావు కంగారుగా.

ఇసుకలో ఇప్పుడు రెండు గుల్లలున్నాయి. ఒకటి నేను, లోపల మేనేజర్. రెండోది వాడు వదిలేసింది. పచ్చటి ఒళ్లు, గోధుమరంగు చారలు. పక్కనే అచ్చం అలాంటి చారలతో చివరి నత్త, కాళ్లూ చేతులూ లేని జీవం, వెల్లకిలా అల్లాడుతోంది. హైమవతి పరుగున వచ్చి పొడుగాటి పుల్లతో దాన్ని తిరగేసింది. అది తలుపు తెరుచుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ గాజు దారి పట్టింది.

ఆయన ఖాళీ గుల్లనూ, నత్తనూ మార్చి మార్చి చూశాడు. ఆడిటరు కదా, రెండు చారలూ సరిచూసుకున్నాడు.

"హైమా... ఇది నువ్వు తెచ్చిన నత్తది కదూ?"

"అన్ని చారలూ ఒకలాగే ఉంటాయిగా," అంది హైమవతి పుల్ల తుడుచుకుంటూ.

"మరి ఈ పెద్ద గుల్ల ఎక్కడిది? దీనికి పసుపుందేమిటి?"

అప్పుడు కొలువు దగ్గర్నుంచి భ్రమరాంబ గొంతు వినిపించింది, నింపాదిగా.

"అదే నేనూ చూస్తున్నాను, శంఖానికి చీమలు పట్టాయేమిటా అని. సముద్రపు సరుక్కి చీమలు పట్టడం ఇంతవరకూ చూళ్లేదు." చలిమిడి శంఖం మొన తుంపి నోట్లో వేసుకుంది. "యాలకులు కూడా వేశావు. బావుంది."

హైమవతి పుల్ల పక్కన పెట్టేసింది. "అత్తయ్యగారూ, కొలువు మీద..."

"కొలువు మీద చెయ్యి వెయ్యద్దన్నాను. నువ్వు వెయ్యలేదుగా. సముద్రం మెట్ల మీద లేదు, నేల మీదుంది," అంది భ్రమరాంబ. ఆ ఇంట్లో తప్పు ఒప్పుకోకపోవడం ఎవరి వైపునుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. "ఆ ఒడ్డున ఉన్నవి కూడా నాలుగు రోజులుగా చూస్తున్నానులే. సుగుణ ముందు ఎత్తలేదు. ఇంతకీ ఆ గుల్లలు నాకు తెచ్చిచ్చింది ఎవర్రా, చక్రీ?"

చక్రధరం తలుపు దగ్గర తటపటాయించే మేనేజర్ లాగా ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ కదిలాడు. చివరికి ఆ ఇరుకు గుల్లలోంచి మొత్తంగా బయటికి వచ్చేశాడు.

"తప్పు నాదే హైమా," అన్నాడు. "నత్తల్ని నువ్వు చంపలేదు. యాదగిరి చెబుతుంటే నేను వినలేదు. తొట్టె ఎక్కడికీ పోదు."

ఫోన్లో కాంతారావు, "చక్రధరం, లైన్లోకి ఇంకెవరో వచ్చినట్టున్నారు. కాస్త చూడు," అన్నాడు.

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో, ఇంకొకటో, నీళ్లలోంచి చూసేదాన్ని, నాకు తేలలేదు. మనుషులు మా గుల్లల్ని చెవికి ఆనించుకుని, సముద్రం వినిపిస్తోందని మురిసిపోతారు. నన్ను మాత్రం ఇప్పుడెవరైనా చెవికి పెట్టుకుంటే సముద్రం వినిపించదు. లోపల మేనేజర్ సర్దుకుంటున్న చప్పుడు, గాజు మీద అమ్మ చప్పుడు, ఆ వెనక భ్రమరాంబ హారతిపళ్లెం కింద పెట్టి కొడుకు వైపు చెవి ఒగ్గి, "ఏమన్నావురా? ఘంట మోతలో వినపళ్లేదు, మళ్లీ చెప్పు" అనడం వినిపిస్తాయి.

ఆ వేళకు ఘంట ఇంకా మోగనే లేదు.

చక్రధరం ఈసారి వీధి గుమ్మం దాకా వినబడేలా అన్నాడు:

"తప్పు నాదే అమ్మా!"